పాత డ్రాలతో లాటరీ వ్యూహాన్ని పరీక్షించవచ్చా?

తరచూ వచ్చిన సంఖ్యలనే ఎంచుకుంటే లాటరీ తగులుతుందా, పాత ఫలితాలతో సరిచూడవచ్చా అని అడిగారు. చూడవచ్చు. 1994లో మొదలైన బ్రిటన్ నేషనల్ లాటరీలో 2015 అక్టోబరు దాకా 49 సంఖ్యల్లో 6 ఎంచుకోవాల్సి ఉండేది. మొదటి పదేళ్ల డ్రాల నుంచి సంఖ్యలు ఏరి, తర్వాతి పదేళ్లపై పరీక్షించండి. ఏరినవీ పరీక్షించినవీ ఒకే డ్రాలైతే ఏ వ్యూహమైనా గెలిచినట్టే కనిపిస్తుంది; ముందే ప్రశ్నపత్రం చూసి పరీక్ష రాసినట్టు. విడదీసి చూస్తే డ్రాకు సగటున 36/49, అంటే దాదాపు 0.73 సంఖ్య కలుస్తుంది. కళ్లు మూసుకుని ఎంచుకున్నా అంతే! ఆరూ కలిసే అవకాశం 1,39,83,816లో ఒకటి. మీ ఎంపికతో మారగలిగేది, గెలిస్తే బహుమతిలో మీకు దక్కే వాటా మాత్రమే; అవే సంఖ్యలు చాలామంది ఎంచుకుంటే అది తగ్గుతుంది. 1995 జనవరి 14న 7, 17, 23, 32, 38, 42 వచ్చాయి. ఆ జాక్‌పాట్‌ను 133 మంది పంచుకోవాల్సి వచ్చింది.