ముక్కూ మొహం తెలియని ఇద్దరి కథతో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

బెంగళూరులో ఉంటున్నానని, అనుకోకుండా కలిసిన ఇద్దరు అపరిచితుల మీద షార్ట్ ఫిల్మ్ తీయాలని ఉందని, కానీ వాళ్లచేత ఏం మాట్లాడించాలో తెలియడం లేదని అడిగారు. నేనూ మా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) స్నేహితులూ కలిసి బెంగళూరులోనే మారతహళ్లిలో ఇలాంటిదే ఒకటి తీశాం. ఆ అనుభవంతో చెబుతున్నాను. డైలాగుల సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఆ ఇద్దరి మధ్యలో ఏ వస్తువు ఉందో తేల్చుకోండి. ఆ వస్తువు వల్ల ఒకరిని వదిలి ఇంకొకరు వెళ్లలేని పరిస్థితి రావాలి. అది కుదిరితే సగం స్క్రిప్టు అయిపోయినట్టే.

ఎందుకంటే మనవాళ్లు పక్క సీట్లో కూర్చున్నవాళ్లని ఏ ఊరు, ఏం ఉద్యోగం, పెళ్లయిందా అని అడగడం మామూలే. బస్సులో అది సహజంగా ఉంటుంది. తెరమీద అవే ప్రశ్నలు వరసగా వినిపిస్తే ఇంటర్వ్యూ చూస్తున్నట్టు ఉంటుంది. ఇక ఇద్దరూ తమ కష్టాలు చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకునే సీన్ మనం వంద సార్లు చూసేశాం.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 'ది లంచ్ డేట్'. ఆడమ్ డేవిడ్‌సన్ కొలంబియా యూనివర్సిటీ విద్యార్థిగా ఉన్నప్పుడు 1989లో తీసిన బ్లాక్ అండ్ వైట్ చిత్రం. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఒక తెల్లజాతి పెద్దావిడకి రైలు తప్పిపోతుంది. అక్కడి హోటల్లో సలాడ్ కొనుక్కుని, టేబుల్ మీద పెట్టి, ఫోర్క్ తెచ్చుకోవడానికి వెళుతుంది. తిరిగి వచ్చేసరికి ఒక నల్లజాతీయుడు ఆ సలాడ్ తింటూ కనిపిస్తాడు. ఆమె ఎదురుగా కూర్చుని తనూ అదే ప్లేట్లోంచి తినడం మొదలుపెడుతుంది. అతను లేచి వెళ్లి ఇద్దరికీ కాఫీ తెస్తాడు. చివరికి తేలేది ఏమిటంటే, ఆమె కొన్న సలాడ్ పక్క టేబుల్ మీద ముట్టుకోకుండా అలాగే ఉంది. మాటలు చాలా తక్కువ. ఆమె మనసులో ఉన్న భయం, చిన్నచూపు అన్నీ ఆ ఒక్క ప్లేటే చెప్పేస్తుంది. 1990లో కాన్స్ చిత్రోత్సవంలో షార్ట్ ఫిల్మ్‌లకిచ్చే అత్యున్నత బహుమతి పామ్ డోర్, మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చాయి. దాని పక్కన బోలెడంత ఖర్చుపెట్టి తీసినవి కూడా నాకు వెలవెలబోయినట్టే అనిపిస్తాయి.

మా కథ శుక్రవారం రాత్రి మారతహళ్లి బ్రిడ్జి దగ్గర, ఆంధ్రా వెళ్లే ప్రైవేటు బస్సుల కోసం జనం బ్యాగులతో నిలబడే చోట జరుగుతుంది. కొడుకుని చూసి నాయుడుపేట తిరిగి వెళుతున్న ఒక పెద్దావిడ, ఒంగోలు వెళ్లాల్సిన ఒక కుర్రాడు. అతను టీ కొట్లో "ఒందు టీ కొడి" అనడం విని కన్నడం అబ్బాయేమో అనుకుని ఆవిడ పలకరించదు. కాసేపటికి అతని ఫోన్ మోగుతుంది. "లేదమ్మా, ఇంకా రాలేదు. తింటాలే" అంటాడు. ఆవిడ తల తిప్పి చూస్తుంది. "మనోళ్లేనా నాయనా? ఏ ఊరు?" పరాయి ఊళ్లో ఉండే మనందరికీ తెలిసిన క్షణం అది. చూసిన తెలుగువాళ్లు ఎక్కువగా చెప్పుకుంది ఆ షాట్ గురించే.

వస్తువు ఆవిడ కీప్యాడ్ ఫోన్. బస్సు నంబరు, డ్రైవర్ నంబరు ఉన్న మెసేజ్ అందులో ఉంది, ఛార్జింగ్ అయిపోయింది. కుర్రాడి దగ్గరున్న కేబుల్ దానికి పట్టదు. ఆవిడ గోరుతో ఫోన్ వెనక మూత తీస్తుంది. బ్యాటరీ మీద మడత పెట్టిన చిన్న కాగితం, దానిమీద నీలం పెన్నుతో కొడుకు నంబరు. కుర్రాడు తన ఫోన్ నుంచి చేస్తాడు. తెలియని నంబరు కదా, అటు ఎత్తరు. ఇక ఆ కొడుకు తిరిగి చేస్తే ఈ కుర్రాడి ఫోనుకే చేయాలి. ఈలోగా ఒంగోలు బస్సు వచ్చేస్తుంది. ఇంక వాళ్లకి పెద్ద డైలాగులు రాయాల్సిన అవసరమే రాలేదు. కాల్ వచ్చాక ఆవిడ తీరిగ్గా మాట్లాడుతుంటే, కుర్రాడు ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, తన ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడతాడు.

తీయడం విషయానికి వస్తే, రైల్వే ప్లాట్‌ఫారం, మెట్రో స్టేషన్ అని కథ రాసుకుంటే ముందుగా షూటింగ్ అనుమతి తీసుకోవాలి. చిన్న టీ కొట్టు అయితే ఆ యజమానితో మాట్లాడుకోవచ్చు. రాత్రి షాపుల లైట్ల కింద తీస్తే తెరమీద చారలు కదులుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే ఆ బెడద చాలావరకు ఉండదు. సౌండ్‌కి మాత్రం కెమెరా కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇద్దరికీ కాలర్ మైకులు పెట్టి, నటులెవరూ లేకుండా ఆ రోడ్డు రొద విడిగా కొన్ని నిమిషాలు రికార్డు చేసుకోండి. కట్ అయిన చోటల్లా హారన్ సగంలో తెగిపోకుండా ఎడిటింగ్‌లో ఆ రొదే కాపాడుతుంది.

ఫ్రేమింగ్‌లో మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఆ ఫోన్ మూత తెరుచుకునే వరకూ ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించలేదు. మీరూ ప్రయత్నించి చూడండి, బాగా పనిచేస్తుంది.

నిడివి పెంచకండి. ఆస్కార్ లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల వరకూ షార్ట్ ఫిల్మే అయినా, ఈ తరహా కథకి పది చాలు. చివర్లో కుర్రాడు ఆవిడ కొడుకు నంబరు సేవ్ చేసుకునే షాట్ పెడదామని మా ఎడిటర్ చాలా పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. మళ్లీ కలుస్తారన్న ఆశ చూపించగానే వాళ్లు బంధువులైపోతారు, అపరిచితుల కథ అక్కడితో పోతుంది.

ఇంకొక్కటి. నటులిద్దరికీ ముందే పరిచయం చేసి కలిపి రిహార్సల్ చేయించకండి. ఎవరి సీన్లు వాళ్లకి విడిగా చెప్పండి, షూటింగ్ రోజే మొదటిసారి కలవనివ్వండి. ఎదుటి మనిషి ముఖంలోకి సూటిగా చూడాలా వద్దా అన్న ఆ తటపటాయింపు ఎంత రిహార్సల్ చేసినా రాదు. మొదటి టేకులోనే దొరుకుతుంది కాబట్టి కెమెరా సిద్ధంగా ఉంచుకోండి.