మినిమం కడుతూనే ఉన్నాం, అప్పు మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆయన ప్రైవేటు ఉద్యోగి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మంచి నెలలో 9 వేలు వస్తాయి, ఆషాఢంలో 5 వేలు దాటదు. అద్దె, ఫీజులు, అత్తగారి మందులు అన్నీ కలిపి ఇంటి ఖర్చు 27 వేలు. కటింగులు పోను జీతం 20 వేలే చేతికి వస్తోందని ఆయన రెండేళ్లుగా చెబుతున్నారు. పోయిన నెల ఎవరో నాకు ఫోన్ చేసి, మీ ఆయన లోన్ కట్టడం లేదంటూ బూతులు తిట్టారు. నిలదీస్తే అంతా బయటపడింది. జీతం 28 వేలట. మామగారి ఆపరేషన్‌కు తెలిసినాయన దగ్గర నోటు రాసి, 3 రూపాయల వడ్డీకి తెచ్చిన 80 వేలు అలాగే ఉంది. రెండేళ్లుగా వడ్డీ ఒక్కటే కడుతున్నారు. క్రెడిట్ కార్డు మీద 48 వేలు ఉంది, దానికి నెలనెలా 2,400 మినిమం కడుతున్నారు. లోన్ యాప్‌లో ఇంకా 9 వేలు, దాని వాయిదా 3 వేలు. ఇవి కాక పిల్లల ఫీజు కోసం మా అన్నయ్య దగ్గర నేను చేబదులు తెచ్చిన 40 వేలు. బతుకమ్మకు పుట్టింటికి వెళ్తే వదిన "బాకీ ఉన్నోళ్లకు కొత్త చీరలెట్లా వస్తాయో" అంది. నాలుగు తులాల నా గొలుసు అమ్మేద్దామా? ఆయన ఫ్రెండు మాత్రం పెద్ద పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చేయమంటున్నాడు. ఆయన సరిగా తినడం లేదు. రాత్రిళ్లు డాబా మీద ఒక్కరే కూర్చుంటున్నారు. నాకు కోపంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఇక ఆయన్ని ఎలా నమ్మాలి?

జవాబు: అమ్మా, లెక్కల్లోకి తర్వాత వెళ్దాం. ముందు ఆ డాబా సంగతి చూడండి. అప్పు బయటపడిన తర్వాత మనిషి తిండి మానేసి, నిద్ర మానేసి ఒంటరిగా కూర్చుంటున్నాడంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రాత్రే పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోదామన్న ఆలోచన ఏమైనా వస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు మనసు తేలికపడిన వాళ్లే ఎక్కువ. ఆయన అవునన్నా, మాట దాటేసినా ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ టెన్షన్ చెప్పుకోవడానికైనా ఆ నంబరు పనికొస్తుంది.

ఇక నమ్మకం విషయం. మీ కోపం న్యాయమైనదే. ఆయన చేసింది తప్పు. తండ్రి వైద్యానికి అప్పు చేయడంలో తప్పు లేదు, మీ దగ్గర రెండేళ్లు దాచడమే తప్పు. మీకు 20 వేలని చెప్పారు కాబట్టి మీరు ఆ 20 వేల ఇల్లే నడిపారు. చాలనప్పుడు సరుకులు కార్డు మీదికి పోయాయి, ఆ అప్పు ఇంకా పెరిగింది. తెలిసి ఉంటే ఈ 48 వేలలో సగమైనా పుట్టేది కాదని నా నమ్మకం. ఈ మాట ఆయనతో అనండి. ఒకసారే అనండి, పిల్లల ముందూ అత్తగారి ముందూ అనకండి.

ఒక లెక్క మాత్రం నాకు ధైర్యం ఇచ్చింది. నోటు వడ్డీ 2,400, కార్డు 2,400, యాప్ వాయిదా 3,000 కలిపితే 7,800. మీ దగ్గర దాచిన 8 వేలకు అది దాదాపు సరిపోతోంది. అంటే డబ్బు వేరే ఎక్కడికో పోతున్నట్టు లేదు. అయినా ఏడాది కార్డు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇద్దరూ కలిసి లైను లైనుగా చూడండి. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం మామూలుగా జరిగేదే. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లకు వెళ్లిన డబ్బు కనిపిస్తే ఇక్కడే ఆగి మళ్లీ రాయండి. అది వ్యసనం సంగతి, దానికి ముందు వైద్యం కావాలి.

అలాంటిదేమీ లేకపోతే మీ మొత్తం బాకీ 1,77,000. మీ ఇద్దరి సంపాదనతో ఇది తీరే అప్పే. ఇన్నాళ్లూ తీరకపోవడానికి కారణం మీరు కట్టకపోవడం కాదు, కట్టిన డబ్బు అసలును ముట్టకపోవడం. 3 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రెండేళ్లలో ఆయన కట్టిన వడ్డీ 57,600, అసలు ఇంకా 80 వేలే. కార్డు మరీ అన్యాయం. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. 48 వేలకు రెండూ కలిపి సుమారు 1,980. మీరు కట్టే 2,400లో అసలుకు జమ అయ్యేది నాలుగు వందల పైచిలుకే. అదే నెల వెయ్యి రూపాయల సరుకులు కార్డు మీద తెచ్చారంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. పాత బాకీ ఉండగా కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

కాబట్టి మొదటి పని, ఆ కార్డు వాడకం ఆపడం. ఫోన్‌లో షాపింగ్ యాప్‌లన్నింటిలోంచీ దాని నంబరు తీసేయించండి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి, ఉన్న బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చమని అడగండి. రేటు, ప్రాసెసింగ్ ఫీజు కార్డును బట్టి మారతాయి. నెలకు ఒకటిన్నర శాతం చొప్పున రెండేళ్లకు మారిస్తే ఈఎంఐ సుమారు 2,400 వస్తుంది, జీఎస్టీతో 2,500 అనుకోండి. ఇప్పుడు కడుతున్నదీ ఇంచుమించు అంతే! తేడా ఏమిటంటే, రెండేళ్లకు బాకీ సున్నా అవుతుంది. రికవరీ వాళ్లు "30 వేలు కట్టండి, సెటిల్ చేసేస్తాం" అంటే తొందరపడకండి. మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో అది సెటిల్డ్ అని, అంటే పూర్తిగా కట్టలేదని పడుతుంది, రేపు పిల్లల చదువుకు లోన్ అడిగినప్పుడు అడ్డం వస్తుంది.

గొలుసు అమ్మకండి. బ్యాంకులో పెట్టి 90 వేలు తీసుకోండి. బ్యాంకును బట్టి బంగారం మీద లోన్ ఏడాదికి 9, 10 శాతం ఆ దరిదాపుల్లో దొరుకుతుంది, మన లెక్కలో సుమారు 80 పైసల వడ్డీ. ఆ 90 వేలతో నోటు 80 వేలు, యాప్ 9 వేలు ఒకేసారి తీరిపోతాయి. 2,400 వడ్డీ పోయే చోట 720 పోతుంది. నాలుగు తులాలకు ఇంకా చాలా వస్తుందని తూకం వేసిన చోటే చెబుతారు. వద్దనండి. ఫ్రెండు చెప్పిన పర్సనల్ లోన్‌తో చిక్కు కూడా ఇదే, అవసరం కన్నా ఎక్కువ డబ్బు చేతికి వస్తుంది. పైగా దాని వడ్డీ బంగారం లోన్ కన్నా ఎక్కువ, ముందే తీర్చేద్దామంటే చార్జీలు వేసేవాళ్లూ ఉన్నారు. బంగారం లోన్‌లో ఎప్పుడు వీలైతే అప్పుడు కొంత కట్టుకునే వీలుందా, గడువు ఏడాదేనా, తిరగరాయడానికి ఎంతవుతుంది అని సంతకం పెట్టకముందే అడగండి. గడువు తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. దాన్ని మర్చిపోతే వస్తువు వేలానికి పోవచ్చు.

నోటు తీర్చేటప్పుడు జాగ్రత్త. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. అసలు ఒకేసారి ఇస్తున్నాం, ఈ నెల వడ్డీ వదిలేయండని అడగండి, అడిగితే తప్పేమీ లేదు. ఆ రోజే ప్రామిసరీ నోటు చేతికి తీసుకోండి. అప్పుడు ఖాళీ చెక్కులేమైనా ఇచ్చి ఉంటే అవీ లెక్కపెట్టి తీసుకోండి. "ఇంట్లో ఉంది, రేపిస్తా" అంటే "రేపే ఇస్తాం, దగ్గర పెట్టుకోండి" అనండి. ఎప్పుడైనా కొంచెం కొంచెంగా కట్టాల్సి వస్తే, కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేయించి జమ రాయించుకోవాలి.

యాప్ వాళ్ల బూతులు మీరు పడక్కర్లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువుల దగ్గర పరువు తీయకూడదు. యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పుల మీద అదే బ్యాంకు పెట్టిన డిజిటల్ లెండింగ్ నిబంధనల ప్రకారం యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి వెళ్లకూడదు. కాల్స్ రికార్డు చేయండి, మెసేజ్‌లు దాచండి. ఆ యాప్ వెనక ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఉందో చూసి, డబ్బు ఆ సంస్థ ఖాతాకే కట్టండి. ఏజెంటు తన సొంత నంబరుకు పంపమంటే పంపకండి. కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు నెల లెక్క. ఇక్కడ చాలా ఇళ్లు పొరపాటు పడతాయి. మంచి నెలలో చేతిలో 10 వేలు మిగిలాయని, నెలకు 10 వేలు కడతామని గట్టిగా అనుకుంటారు. రెండు నెలలు కడతారు. మూడో నెల పిల్లాడికి జ్వరమో, ఊళ్లో పెళ్లో వస్తుంది. వాయిదా తప్పుతుంది, సిగ్గేస్తుంది, మళ్లీ దాచడం మొదలవుతుంది. మీరు ఆషాఢాన్ని పట్టుకోండి. ఆయన 28 వేలు, మీ 5 వేలు కలిపి 33 వేలు. ఖర్చు 27 పోతే 6 వేలు. కార్డుకు 2,500, బంగారానికి 2,500, మీ అన్నయ్యకు 500, ఇంట్లో విడిగా 500. ఎంత చెడ్డ నెలైనా ఇవి తప్పకూడదు. జీతం పడిన రోజే ఇవి వెళ్లిపోవాలి, నెలాఖరున మిగిలితే చూద్దామంటే ఏమీ మిగలదు.

శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్‌లో మీకు అదనంగా వచ్చే మూడు నాలుగు వేలను ముందు ఆ విడి డబ్బాలోనే వేయండి. అందులో 15 వేలు పోగయ్యేదాకా ఇంకెక్కడా కట్టకండి. అప్పు ఉండగా డబ్బు దాచడం ఏమిటని మీకు అనిపిస్తుంది. ఆ డబ్బు లేకే కదా యాప్ దగ్గరికి వెళ్లింది! 15 వేలు నిండిన తర్వాత వచ్చే అదనమంతా బంగారం లోన్‌కు కట్టండి. అదనం అసలు లెక్క వేయకుండానే చూసినా, రెండేళ్లకు కార్డు తీరుతుంది. అక్కడి నుంచి ఆ 2,500 కూడా బంగారానికి కలిపితే ఇంకో తొమ్మిది నెలల్లో గొలుసు ఇంటికొస్తుంది. ఆ తర్వాత ఐదారు నెలల్లో అన్నయ్య బాకీ కూడా పూర్తవుతుంది. మొత్తం మూడేళ్ల పైచిలుకు. మీ కుట్టుపని అదనం కూడా కలిస్తే అంత కూడా పట్టదు.

ఖర్చు తగ్గించడమంటే పిల్లల పాలు తగ్గించడం కాదు. ఒక నెల నోట్‌బుక్‌లో ప్రతి రూపాయీ రాయండి, ఆయన ఫోన్‌పేలో కొట్టే టీలు, టిఫిన్లతో సహా. ఎక్కడ తగ్గాలో ఆ పుస్తకమే చూపిస్తుంది. కిరాణా కొట్లో ఖాతా ఉంటే ఆపేసి, వారానికి ఇంతని నగదు పెట్టుకుని కొనండి. ఫంక్షన్లలో 1,116 చదివించే చోట 516 చదివించండి. దగ్గరి వాళ్లు ఏమీ అనుకోరు, అనుకునే వాళ్లు మీ వాయిదా కట్టరు. బండి ఇన్సూరెన్స్, దసరా బట్టలు, జూన్ పుస్తకాలు ముందే తెలిసిన ఖర్చులు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి ఆ 27 వేలలోనే కలుపుకోండి. పట్టకపోతే బంగారం వాయిదా 2 వేలు చేయండి, కొన్నాళ్లు ఎక్కువ పడుతుంది, అంతే.

నెలకోసారి, జీతం పడిన తర్వాత ఆదివారం, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు అరగంట ఇద్దరూ ఆ పుస్తకం ముందు కూర్చోండి. ఆయన జీతం స్లిప్పు, కార్డు బిల్లు, మీ కుట్టుపని లెక్క మూడూ తెరిచి ఉండాలి. కొత్త అప్పు ఎంత చిన్నదైనా ఇద్దరికీ తెలియకుండా చేయకూడదన్నది ఒక్కటే షరతు. మీకూ అదే వర్తిస్తుంది. నమ్మకం తిరిగి రావడానికి నాకు తెలిసిన దారి ఇదే, ప్రమాణాలు చేయించుకోవడం కాదు. ఆరు నెలలు ఆ స్లిప్పులు మీ ముందుకు వస్తూ ఉంటే మీ భయం ఎంత తగ్గిందో అప్పుడు చూసుకోండి. ఆలోగా ఆయన్ని పూర్తిగా క్షమించేయాలని మిమ్మల్ని మీరు బలవంతపెట్టుకోవద్దు.

మీ అన్నయ్యకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పండి. ఎంత అప్పు, ఎందుకైంది అన్న వివరాలన్నీ అక్కర్లేదు. "నీ డబ్బు మర్చిపోలేదన్నయ్యా, ప్రతి నెల 5వ తేదీన 500 పంపుతాను, మూడేళ్లు కొంచెం దాటినా మొత్తం ఇచ్చేస్తాం" అనండి. 500 పంపడానికి నామోషీ పడకండి. వదిన మాటకు మీరు ఎదురు మాట్లాడక్కర్లేదు, తప్పకుండా అందే ఆ 500 తన పని తాను చేస్తుంది.

బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లండి. గొలుసు మీది, కాబట్టి లోన్ మీ పేరు మీదే పెట్టించండి, రసీదు మీ దగ్గరే ఉంచుకోండి.