నల్లపావుల వింత ఓపెనింగులను తూచి చూడటం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మూడు నిమిషాల చదరంగం ఆటల్లో, బంటును వదులుకుని దాడికి దిగే స్టాఫర్డ్ గాంబిట్‌తో వరుసగా గెలుస్తున్నావనీ, వచ్చే నెల తీరికగా ఆలోచించి ఆడే క్లాసికల్ టోర్నమెంటులో కూడా నల్లపావులతో దానినే ఆడదలచుకున్నావనీ రాశావు. ఆడాలా వద్దా అన్నది ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, రేపు మరొక వింత వేరియేషన్ నీ కంట పడుతుంది, అప్పుడూ ఇదే ప్రశ్నతో నాకు రాస్తావు. అందుచేత అటువంటి ఓపెనింగు, అంటే ఆట మొదటి ఎత్తుల వరుస, గట్టిదో బోలుదో నీ అంతట నీవే తేల్చుకునే పద్ధతిని రాస్తున్నాను. మా తరంవాళ్లం మంత్రి, శకటు అని పిలిచిన పావులను నీకు అలవాటైన క్వీన్, బిషప్ అన్న పేర్లతోనే చెబుతాను. గుర్రాన్నీ బంటునూ మాత్రం మార్చడానికి మనసు ఒప్పలేదు. గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస; ముందు తెలుపు ఎత్తు, తర్వాత నలుపుది; పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు.

ముందుగా నీ గాంబిట్‌నే బల్ల మీద పెట్టుకుందాం. 1. ఈ4 ఈ5, 2. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6. మూడవ ఎత్తులో తెల్ల గుర్రం ఈ5 బంటును తీసుకుంటుంది, నీవు గుర్రాన్ని సి6లో పెడతావు, తెలుపు దానిని తీసుకుంటే నీవు డి బంటుతో తిరిగి తీసుకుంటావు. ఆ పైన తెలుపు 5. డి3 ఆడి, నీ బిషప్ సి5కు వచ్చాక 6. బిషప్ జి5 అని నీ గుర్రాన్ని కట్టివేశాననుకుంటే, నీ గుర్రం ఆ కట్టును లెక్కచేయకుండా ఈ4 బంటును తీసుకుంటుంది. తెలుపు ఆశపడి డి8లోని క్వీన్‌ను తీసుకుంటే నీ బిషప్ ఎఫ్2లో చెక్ ఇస్తుంది, రాజు ఈ2కు తప్పుకుంటాడు, రెండవ బిషప్ జి4కు రాగానే ఆట కట్టు. చూడముచ్చటైన ముగింపే, కాదనను. అయితే నీవు పంపిన ఆటలన్నీ తిరగవేసి చూస్తే, వాటిలో చాలావరకు ఇదే తప్పో దీనికి తోబుట్టువైన తప్పో ఉన్నది. నీ గెలుపులు నీ ఓపెనింగు గురించి కాక, నీ ప్రత్యర్థుల తొందర గురించి చెబుతున్నాయి.

ఇప్పుడు బల్లను తిప్పి తెలుపు వైపు కూర్చో. ఆరవ ఎత్తులో బిషప్‌ను జి5కు కాక, ఏ గొప్పా లేనట్టు ఈ2లో పెట్టు. నలుపు హెచ్5 అని దాడికి సిద్ధమైతే 7. సి3, దాని వెనుకనే డి4. ఎఫ్2 మీద గురిపెట్టిన సి5 బిషప్ దారి అక్కడితో మూసుకుపోతుంది. మిగిలినదేమిటో లెక్కపెట్టు: తెలుపుకు ఒక బంటు ఎక్కువ, రాజు వైపు నాలుగు బంట్లకు ఎదురుగా నీకు మూడే, క్వీన్ వైపు నీకు నాలుగు ఉన్నా వాటిలో రెండు సి వరుసలో ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉన్నందువల్ల అక్కడ నీవు దాటుబంటును, అంటే ఎదుటి బంట్లేవీ అడ్డుకోలేని బంటును, పుట్టించుకోవడం కష్టం. అంటే ఒక్కొక్క పావూ మారుతున్నకొద్దీ ఎండ్‌గేమ్, అంటే ఆట చివరి దశ, నీకు బరువెక్కుతూ పోతుంది. ఏ వింత ఓపెనింగునైనా పరీక్షించేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, నా మట్టుకు చివరి ప్రశ్న కూడా, ఇదే: ఎదుటివాడు ఉచ్చులో కాలు పెట్టని రోజున నా చేతిలో ఏమి మిగులుతుంది?

ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు రెండు రకాలు, వాటిని కలిపివేయకూడదు. కొన్ని ఓపెనింగులలో నలుపుకు కొంత లోటు ఉంటుంది. కొన్నింటికి నేరుగా ఖండనే ఉంటుంది. సెయింట్ జార్జ్ డిఫెన్స్‌లో, అంటే 1. ఈ4 ఏ6, 2. డి4 బి5 అన్నప్పుడు, నలుపు నడుమ స్థలాన్ని వదులుకుంటుంది గానీ బంటును పోగొట్టుకోదు, రాజును బయట పెట్టదు. అది లోటు. 1. డి4 ఈ5 అనే ఎంగ్లండ్ గాంబిట్ సంగతి వేరు. బంటును తీసుకున్న తర్వాత గుర్రం సి6, తెల్ల గుర్రం ఎఫ్3, క్వీన్ ఈ7, 4. బిషప్ ఎఫ్4, క్వీన్ బి4లో చెక్, 5. బిషప్ డి2, క్వీన్ బి2 బంటును తీసుకుంటుంది. ఇక్కడ 6. బిషప్ సి3 ఆడితే తెలుపు పని అయిపోతుంది, 6. గుర్రం సి3 ఆడితే మాత్రం నల్ల క్వీన్ దారులు వెతుక్కుంటూ తిరుగుతుండగా తెల్లపావులన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చేస్తాయి. ఒకే ఒక్క మామూలు ఎత్తుతో కూలిపోయేదాన్ని ధైర్యమైన ఓపెనింగు అని పిలవడం నాకు నచ్చదు.

చూపుకు వింతగా ఉన్నదల్లా బోలుది కాదు. 1. ఈ4కు జవాబుగా గుర్రాన్ని ఎఫ్6లో పెట్టి బంట్ల చేత తరిమించుకోవడం 1921లో బుడాపెస్ట్‌లో ఆలెఖిన్ ఆడినప్పుడు విడ్డూరంగానే కనిపించి ఉంటుంది. కానీ ఆ తరిమే బంట్లే ముందుకు వచ్చి నలుపుకు గురి అవుతాయన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 1972లో రేక్యవిక్‌లో స్పాస్కీతో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ పదమూడవ ఆటలో ఫిషర్ దానినే ఆడి గెలిచాడు. ఇచ్చినదానికి బదులుగా ఏమి తీసుకుంటున్నామో ఒక వాక్యంలో చెప్పగలిగితే ఆ ఓపెనింగును పరీక్షకు కూర్చోబెట్టవచ్చు. ఆ వాక్యంలో "ఒకవేళ అతడు పొరబడితే" అన్న ముక్క లేకుండా ఉండాలి, అంతే.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. నీ వయసులో నేను లాట్వియన్ గాంబిట్ ఆడేవాణ్ణి: 1. ఈ4 ఈ5, 2. గుర్రం ఎఫ్3 ఎఫ్5. రెండేళ్లపాటు జిల్లా పోటీల్లో దానితో పేరు తెచ్చుకున్నాను. ఒకనాడు వయసు మళ్లిన ఒక ప్రత్యర్థి గుర్రంతో ఈ5 బంటును తీసుకుని, నా క్వీన్ ఎఫ్6కు రాగానే అందరిలా డి4 వేయకుండా ఆ గుర్రాన్ని నెమ్మదిగా సి4కు వెనక్కి తీశాడు. నేను ఎఫ్ బంటుతో ఈ4 తీసుకున్నాక రెండవ గుర్రాన్ని సి3లో పెట్టాడు. డి బంటును అంతవరకు దాచుకోవడంలోని కిటుకు నాకు తర్వాత గానీ బోధపడలేదు: ఆ బంటు డి3కి వచ్చి, నా ఆశలన్నీ పెట్టుకున్న ఈ4 బంటునే కొడుతుంది. నా క్వీన్ మాత్రం నా గుర్రం కూర్చోవలసిన గడిలో నుంచి లేచి తిరుగుతున్నది. ఆ ఆటలో నేను పెద్ద పొరపాటేమీ చేయలేదు, అయినా మొదటినుంచి చివరిదాకా ఊపిరాడలేదు. ఇంటికి వచ్చాక నోటు పుస్తకం తీసి చూస్తే, ఆ రెండేళ్లలో సి4 ఎత్తును నేను ఒక్కసారి కూడా పరిశీలించలేదని తెలిసింది.

ఒకే ఓపెనింగు కడుపున పుట్టిన రెండు వేరియేషన్లు కూడా ఒకే విలువగలవి కానక్కరలేదు. బుడాపెస్ట్ గాంబిట్‌ను చూడు: 1. డి4 గుర్రం ఎఫ్6, 2. సి4 ఈ5, 3. తెలుపు బంటును తీసుకుంటుంది. గుర్రాన్ని జి4కు పంపితే, 4. బిషప్ ఎఫ్4 గుర్రం సి6, 5. గుర్రం ఎఫ్3 బిషప్ బి4 చెక్, 6. రెండవ గుర్రం డి2 క్వీన్ ఈ7 అన్న వరుసలో నీ బంటు దాదాపు తప్పకుండా తిరిగి వస్తుంది. మహా అయితే తెలుపుకు బిషప్‌ల జంట మిగులుతుంది. ఏడవ ఎత్తులో తెలుపు ఏ3 ఆడి, నీ జి4 గుర్రం ఈ5ను తీసుకున్న తర్వాత బి4 బిషప్ మీద ఆశపడితే గుర్రం డి3లో ఆట కట్టు. కానీ ఆ ఉచ్చు లేకపోయినా నీ స్థితి నిలబడుతుంది, అదీ ముఖ్యం. 1918లో బెర్లిన్‌లో రూబిన్‌స్టీన్ అంతటివాణ్ణి విద్‌మార్ దీనితోనే ఓడించాడు. అదే గుర్రాన్ని జి4కు బదులు ఈ4కు పంపితే అది ఫయరోవిచ్ వేరియేషన్. తెలుపు తాపీగా 4. ఏ3 అని బి4 చెక్‌ను ఆపివేస్తే బంటు తిరిగి రాదు, దానికి తగిన ప్రతిఫలమూ కనిపించదు. మొదటిదాన్ని నీకు నిస్సంకోచంగా ఇస్తాను, రెండవదాన్ని ఇవ్వను.

ఇంజిన్‌ను, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామును, ఎలా అడగాలో కూడా చెప్పాలి. చాలామంది ఎవరిది పైచేయో చెప్పే దాని అంకెను చూసి మూసివేస్తారు. నీవు అలా చేయకుండా తెలుపుకు ఉన్న మొదటి ఐదు ఎత్తులను ఒకేసారి చూపించమను. ఐదింటిలో ఏది ఆడినా తెలుపు బాగున్నదంటే ఆ ఓపెనింగుకు దాక్కునే చోటే లేదన్నమాట. ఒక్క ఎత్తే బాగుండి, అది వెంటనే తట్టే ఎత్తు కాకపోతే, అప్పుడప్పుడు ఆడదగిన ఆయుధమే. ఆ తర్వాత ఆ ఎత్తుల వెంట నాలుగైదు అడుగులు నీ చేత్తో నడిచి, ఒక్కొక్క అడుగు దగ్గర దానిని మళ్లీ ఆలోచించనివ్వు; పైనుంచి చూసినప్పుడు చిన్నదిగా కనిపించిన నష్టం లోపలికి వెళ్లేకొద్దీ పెరగడం నీవే చూస్తావు. పాత ఆటలు వెతికేటప్పుడు కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలను పక్కన పెట్టి, ఒక్కొక్క ఎత్తుకు రోజుల తరబడి ఆలోచించి దూరం నుంచి ఆడే కరస్పాండెన్స్ ఆటలను చూడు. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చదరంగ సమాఖ్య (ఐసీసీఎఫ్) పోటీలలో ఇంజిన్ సాయం తీసుకోవచ్చు కనుక అక్కడ ఉచ్చులు పనిచేయవు, ఓపెనింగు అసలు బలమే మిగులుతుంది.

పెద్దవాళ్ల పేర్లను మాత్రం సాక్ష్యంగా తేవద్దు. 1980లో స్కారాలో మైల్స్ ఆ సెయింట్ జార్జ్ ఏ6 ఎత్తుతోనే ప్రపంచ చాంపియన్ కార్పోవ్‌ను ఓడించాడు. 1995లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ పద్నాలుగవ ఆటలో మన ఆనంద్ కాస్పరోవ్ మీద స్కాండినేవియన్ (1. ఈ4 డి5) ఆడి, మంచి స్థితి తెచ్చుకుని కూడా ఓడిపోయాడు. ఈ రెండు ఫలితాలను బట్టి ఏ6 మేలైనదనీ స్కాండినేవియన్ పనికిరాదనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి.

మరొక చిన్న సంగతి. స్టాఫర్డ్ ఆడాలంటే తెలుపు నీతో సహకరించాలి. మూడవ ఎత్తులో తెలుపు డి4 అనో, గుర్రం సి3 అనో ఆడితే నీ గాంబిట్ పుట్టనే పుట్టదు, అప్పుడు నీకు వేరే చదువు కావాలి. బుడాపెస్ట్ కూడా తెలుపు రెండవ ఎత్తులో సి4 ఆడితేనే దొరుకుతుంది. నెల రోజుల శ్రమ ఎన్ని ఆటల్లో బల్ల మీదికి వస్తుందో ముందే అంచనా వేసుకో.

కాబట్టి, అబ్బాయ్, ఆ టోర్నమెంటుకు స్టాఫర్డ్ వద్దు. తొంభై నిమిషాలు చేతిలో ఉన్నవాడు ఈ2 బిషప్‌ను తప్పక కనిపెడతాడు. బ్లిట్జ్‌లో నీ ఇష్టం, అక్కడ నేను అడ్డురాను. శనివారం సాయంత్రం రా. ఆరవ ఎత్తులో బిషప్ ఈ2 ఆడిన స్థితిని బల్ల మీద పేర్చి ఉంచుతాను, గడియారంలో అరగంట చొప్పున పెట్టుకుని ఐదు ఆటలు ఆడదాం, తెల్లపావులు నావి. బుడాపెస్ట్ నోటు పుస్తకం కూడా వెంట తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య