ఆ ఫోల్డర్‌ను సృష్టిస్తున్నది నువ్వు కాదు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ మెయిల్ చదివాను. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన అప్లికేషన్ సర్వర్ ఎక్కగానే మొండికేసిందనీ, యూజర్లు పంపే ఫోటోల కోసం ఫోల్డర్ సృష్టించమంటే 'పర్మిషన్ డినైడ్' అంటోందనీ రాశావు. ఎవరో చెబితే 777 (యజమానికీ, గుంపుకూ, మిగతావాళ్లకూ వరుసగా ఒక్కో అంకె, 7 అంటే అన్ని అనుమతులూ) ఇచ్చావనీ, పని జరిగింది కానీ మనసు ఒప్పుకోవడం లేదనీ చివర్లో రాశావు చూడు, ఆ మాటకు సంతోషించాను. 777 ఇచ్చాక ఆ సర్వర్‌లో ఉన్న ప్రతి యూజరూ, ప్రతి ప్రోగ్రామూ ఆ ఫోల్డర్‌లో రాయవచ్చు, చెరపవచ్చు. అదే కోడ్ ఉన్న ఫోల్డర్‌కు ఇచ్చి ఉంటే, ఏ మూలనో చిన్న లోపం కనిపెట్టినవాడు నీ కోడ్‌నే తిరగరాసి పోతాడు. ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే దాన్ని వెనక్కి తీసుకో.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఫోల్డర్‌ను సృష్టిస్తున్నది నువ్వు కాదు. నువ్వు నీ పేరుతో లాగిన్ అవుతావు. వెబ్ సర్వర్ మాత్రం వేరే యూజర్‌గా నడుస్తుంది. డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాలలో ఆ యూజర్ పేరు సాధారణంగా 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా', రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే 'అపాచీ'. ల్యాప్‌టాప్‌లో సర్వర్‌ను నడిపిందీ నువ్వే, ఫోల్డర్ యజమానివీ నువ్వే కాబట్టి గొడవ రాలేదు. అందుకని నీ లాగిన్‌తో ఫోల్డర్ సృష్టించి చూసి 'నాకు వస్తోందే' అనుకుంటే ఏమీ తేలదు. సూడోతో (ఇంకో యూజర్ పేరుతో ఆదేశం నడిపించేది) ఆ సర్వర్ యూజర్‌గా మారి, అదే చోట టచ్ ఆదేశంతో ఒక ఖాళీ ఫైలు సృష్టించి చూడు. అది విఫలమైతే లోపం సర్వర్‌లో ఉంది. సఫలమైతే మాత్రం నీ కోడ్‌నూ, ఆ సర్వీసుకు విడిగా పెట్టిన ఆంక్షలనూ అనుమానించాలి. నేను గంటలు పోగొట్టుకున్న సందర్భాల్లో సగం ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే.

కొత్త ఫైలు పుట్టాలంటే దాన్ని పెట్టబోయే ఫోల్డర్‌కు 'రాసే' అనుమతీ, 'ప్రవేశించే' అనుమతీ రెండూ ఉండాలి. ప్రవేశం ఆ ఒక్క ఫోల్డర్‌కే చాలదు, పైనున్న ప్రతి ఫోల్డర్‌కూ కావాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లు 750తో పుడుతున్నాయి, అంటే బయటివాళ్లకు ప్రవేశమే లేదు. నీ అప్లికేషన్ హోమ్ ఫోల్డర్ కింద ఉంటే, అట్టడుగున ఎన్ని 777లు పెట్టినా సర్వర్ అక్కడిదాకా రాలేదు. 'నేమ్‌ఐ' అనే ఆదేశానికి 'ఎల్' చేర్చి పూర్తి పాత్ (ఫోల్డర్‌కు చేరే దారి) ఇస్తే, మొదటి స్లాష్ నుంచి చివరిదాకా ఏ మెట్టుకు ఎవరు యజమానో, ఏ అనుమతులున్నాయో వరుసగా చూపిస్తుంది. ఆ ఆదేశం చాలామందికి తెలియదు, ఎందుకో మరి.

నా సొంత తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. ఒక రాత్రి కొత్త వెర్షన్ ఎక్కించి, తొందరలో క్యాష్‌ను (త్వరగా అందించడానికి ముందే దాచుకునే ఫైళ్లను) సిద్ధం చేసే ఆదేశాన్ని సూడోతో నడిపాను. అది ఆ రోజు క్యాష్ ఫోల్డర్‌నూ, దానితోపాటు కొత్త లాగ్ ఫైలునూ రూట్ (సర్వర్‌పై పూర్తి అధికారమున్న యూజర్) పేరుతో సృష్టించింది. తెల్లారేసరికి సైట్‌లో ఖాళీ పేజీలు. లాగ్ తెరిస్తే అందులో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఎలా ఉంటుంది, ఆ లాగ్‌లో రాయడానికే అప్లికేషన్‌కు అనుమతి లేకపోతే! ఆ నిశ్శబ్దాన్ని నమ్మి మూడు గంటలు డేటాబేస్‌ను తవ్వాను. చివరికి రెండు యజమానుల పేర్లు మార్చితే అంతా సర్దుకుంది. అప్పటినుంచి లాగ్ మరీ ప్రశాంతంగా కనిపిస్తే దాని యజమాని ఎవరో ముందు చూస్తాను.

నువ్వు పంపిన పీహెచ్‌పీ కోడ్‌లో ఫోల్డర్ సృష్టించే చోట 755 అని రాశావు, ముందు సున్నా లేదు. అది చిన్న విషయం కాదు తల్లీ. సున్నా లేకపోతే దాన్ని మామూలు దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది. అనుమతులను చదివేది ఆక్టల్‌లో, అంటే ఎనిమిది ఆధారమైన లెక్కలో; దశాంశ 755ను అందులోకి మార్చితే 1363. చివరి మూడంకెల్లో మొదటిది, అంటే యజమాని వంతుకు వచ్చేది 3, అంటే రాయవచ్చు, ప్రవేశించవచ్చు, చదవడం మాత్రం కుదరదు. ఫోటోలు లోపలికి పోతాయి, జాబితా అడిగితే రాదు. పర్మిషన్ తగాదా తీరాక నిన్ను ఏడిపించబోయేది ఇదే. 0755 అని రాయి. పైథాన్‌లోనూ ఇదే ఉచ్చు ఉంది, అక్కడ సున్నా తర్వాత 'ఓ' అక్షరం కూడా పెట్టాలి. 0777 అడిగినా 0755 వచ్చిందని కంగారు పడకు, అది యూమాస్క్ (కొత్తగా పుట్టేవాటి నుంచి కొన్ని అనుమతులు తీసేసే సెట్టింగ్) 022 చేసే కోత.

పాత్‌ను కూడా స్లాష్‌తో మొదలుపెట్టి పూర్తిగా ఇవ్వు. ఉత్త 'అప్‌లోడ్స్' అని ఇస్తే ఆ ప్రాసెస్ ప్రస్తుతం ఎక్కడ నిలబడి ఉందో అక్కడ వెతుకుతుంది. సిస్టమ్‌డీ (సర్వర్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీసుకు వర్కింగ్ డైరెక్టరీ చెప్పకపోతే అది నిలబడేది అన్నిటికంటే పైనున్న రూట్ డైరెక్టరీలో. అక్కడ ఫోల్డర్ సృష్టించబోయి దెబ్బతింటుంది, నువ్వేమో ఎక్కడో ఉన్న ఇంకో ఫోల్డర్ అనుమతులు సరిచేస్తూ కూర్చుంటావు.

'ఫోల్డర్ సృష్టించలేకపోయాం' అని ఊరికే లాగ్‌లో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పూర్తి పాత్, యూజర్, ఎర్రర్ నంబరు, మూడూ రాయించు. లైనక్స్‌లో 13 అంటే అనుమతి లేదు. 2 అంటే ఫోల్డర్ పైన ఉండాల్సిన ఫోల్డరే లేదు. 30 అంటే ఆ ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే. 28 అంటే చోటు లేదు, అయితే డిస్క్‌లో గిగాబైట్లు ఖాళీగా కనబడుతూనే 28 రావచ్చు. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుని ఐనోడ్‌లు (ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) అయిపోతాయి. 'డీఎఫ్'కు 'ఐ' చేర్చి చూస్తే బయటపడుతుంది.

17 అంటే అది అప్పటికే ఉంది. ఇది తప్పు కానక్కరలేదు. 'ఉందా' అని చూసి, లేకపోతే సృష్టించే కోడ్‌లో ఆ రెండు పనుల మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరిపోతుంది. నేరుగా సృష్టించు, 17 వస్తే అక్కడున్నది ఫోల్డరేనని నిర్ధారించుకుని ముందుకు సాగు.

రెడ్‌హ్యాట్ తరహా సర్వర్ అయితే ఇంకో చిక్కు. అనుమతులన్నీ సవ్యంగా ఉన్నా 13 వస్తే ఎస్ఈలైనక్స్ (మామూలు అనుమతులకు పైన ఉండే అదనపు భద్రతా కాపలా) అడ్డుపడుతోందేమో ఆడిట్ లాగ్‌లో చూడు. దాన్ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆపకు, ఫోల్డర్‌కు సరైన లేబుల్ ఇస్తే చాలు.

పేర్ల సంగతి కూడా. యూజర్ ఇచ్చిన పేరుతో ఫైలు దాచవద్దు. అందులో రెండు చుక్కలు, స్లాష్ ఉంటే పై ఫోల్డర్లలోకి ఎక్కిపోతుంది. పైగా లైనక్స్‌లో సాధారణంగా ఫైలు పేరుకు 255 బైట్లే పరిమితి. యూటీఎఫ్-8లో మన లిపికి ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'స్త్రీ' చూడటానికి ఒకే అక్షరం, లోపల ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరేననుకుంటే, తెలుగులో పొడవాటి పేరు పెట్టినవాడికి పగిలిపోతుంది. పేరు నువ్వే పుట్టించు, వాళ్లిచ్చింది డేటాబేస్‌లో ఉంచు.

ఇప్పటికి ఇలా చెయ్యి. కోడ్ నీ పేరు మీదే ఉండనీ, సర్వర్‌కు దాన్ని చదివే అనుమతి చాలు. ఫోటోల ఫోల్డర్‌ను కోడ్ బయట పెట్టి, యజమానిగా సర్వర్ యూజర్‌ను చేసి, 750 ఇవ్వు. తర్వాత ఆ టచ్ పరీక్ష చేసి, ఏ ఎర్రర్ వచ్చిందో నాకు రాయి.

మీ బాబాయి