ఇంటికి చేరాక కూడా మాత్రలు ఆపనివ్వకు

బంగారు తల్లీ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి, "అక్కా, నవంబర్లో ఉగాండా వెళ్తున్నాం, అమ్మాయి టికెట్లు చూస్తోంది" అన్నాడు. వాడి గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. గులూలో నువ్వు లెక్కలు చెప్పే బడి చూడాలని వాడి ఆశ. మన ఇంటి పిల్ల అంత దూరం వెళ్ళి పాఠాలు చెబుతోందంటే నాకూ గర్వమే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు తిట్టేస్తాను. నవంబరేమిటే? పదో తరగతి లాంటి ఆ యూసీఈ పరీక్షలు జరిగే రోజులు కదా. నువ్వు పొద్దున్నే బడికి పోతే మీ అమ్మా నాన్నా సాయంత్రం దాకా గేటు వైపు చూస్తూ కూర్చోవాలి. సెలవు పెడతావా? మరి నీ పిల్లల సంగతేం కాను? డిసెంబరులో బడి మూశాక రమ్మను. అప్పటికి వానలు కూడా తగ్గుతాయి. ఎండ, దుమ్ము ఉంటాయి, అవి మనకేం కొత్త కాదు. సంక్రాంతి ముగ్గురూ కలిసి అక్కడే చేసుకోండి.

గొరిల్లాల సంగతి కూడా చెప్పాడు. బ్విండి అడవి గులూకి దేశంలో అటు కొసన ఉంది. ఆ మోకాళ్ళతో వాడు ఆ కొండలెక్కుతాడా? మర్చిసన్ జలపాతం చూపించు, చాలు. ఎంటెబ్బెలో దిగిన రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఉండొద్దు. కరుమా వంతెన దగ్గర కోతులకి అరటిపళ్ళు ఇస్తానంటాడు, కారు అద్దం దించనివ్వకు. నీళ్ళు మరగబెట్టు. బీపీ మాత్రలు అవసరానికి మించి తెచ్చుకోమను. బడిపిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదని ముందే చెప్పు. మీ అమ్మ చేయి ఊరుకోదు, పిల్లలకి డబ్బులు పంచబోతుంది. ఇచ్చేదేదో హెడ్‌మిస్ట్రెస్ చేతికి ఇవ్వమను.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం చివరి వారానికి వదలకండి. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజులకి గానీ చెల్లదు. ఉగాండాలో దిగేటప్పుడూ అడుగుతారు, తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఇంకో మాట. 60 దాటినవాళ్ళకి ఈ టీకాతో అరుదుగానైనా తీవ్రమైన రియాక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే ఇద్దరూ తమ రిపోర్టులన్నీ పట్టుకుని హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి వెళ్ళి, అక్కడి డాక్టర్‌తో మాట్లాడాకే వేయించుకోవాలి. డాక్టర్ వద్దంటే ప్రయాణం గురించే మళ్ళీ ఆలోచించండి.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయం.

నేను ఉగాండాలోనే లీరా ఊళ్ళో నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పే రోజుల్లో కోనసీమ నుంచి వచ్చిన సైన్స్ మాస్టారొకాయన మాకు పొరుగున ఉండేవారు. ఆయన తమ్ముడు చూడ్డానికొచ్చాడు. మాస్టారు ఎంత జాగ్రత్త పడ్డారో నాకు తెలుసు. ప్రతి రాత్రీ దోమతెర అంచులు పరుపు కిందికి తానే దోపేవారు. రోజూ అన్నం తిన్నాక, మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేవారు. అతను ఒక్క తుమ్మయినా తుమ్మకుండా నవ్వుతూ విమానం ఎక్కాడు. గండం గడిచిందనుకున్నాం.

ఆ మాత్ర వచ్చేశాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఒంట్లో చేరిన క్రిమి ముందు కాలేయంలో దాక్కుని, ఆ తర్వాత రక్తంలోకి వస్తుంది. ఊళ్ళో ఇంట్లోవాళ్ళు "కడుపులో మంటంటున్నావు, ఇంటికొచ్చేశావు కదా, ఇంకా ఆ మాత్రలెందుకు" అన్నారు. అతనూ ఆపేశాడు. కొన్నాళ్ళకి జ్వరం. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించారు. ఆఫ్రికా నుంచి వచ్చాడని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మాట తడబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా?" అని. రక్తం చూస్తే ఫాల్సిపారం, ప్రాణం తీసే రకం మలేరియా. అప్పటికే కిడ్నీలు పోయాయి. మాస్టారు ఊరు చేరేసరికి తమ్ముడు లేడు. మిగిలిన మాత్రలు సూట్‌కేసు పక్క అరలో ఉన్నాయట.

ఆ తర్వాత మాస్టారు తన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ పాస్‌పోర్టులో ఒక కాగితం పెట్టి పంపేవారు. నువ్వూ అలాగే రాసిపెట్టు, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ: "ఈయన ఫలానా తేదీ దాకా ఉగాండాలో ఉన్నారు. మూడు నెలల్లోపు జ్వరం వస్తే ఆ రోజే మలేరియా పరీక్ష చేయండి. లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయండి." ఏ మాత్ర వాడాలో వాళ్ళ డాక్టర్‌నే తేల్చమను. డాక్సీసైక్లిన్ అయితే గ్లాసు నిండా నీళ్ళతో మింగి, వెంటనే నడుం వాల్చకూడదు. అలా చేయకపోతే కడుపులో మంట వస్తుంది. ఎండలోకి వెళ్తే టోపీ పెట్టుకోమను.

బెదరగొట్టానని నాన్నని రావద్దనకు. వాడు రావాలి, నిన్ను నీ క్లాసులో చూడాలి. మీ అమ్మకి మలక్వాంగ్ వండి పెట్టు. ఆ పుల్లటి ఆకు మన గోంగూర జాతిదే. నువ్వుల ముద్ద, పల్లీల ముద్ద వేసి వండుతారు కదా, మొదటిసారి తిన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంటిల్లు రెండ్రోజులు మీ అమ్మకి వదిలేయ్. నీకు చేసి పెట్టకపోతే ఆవిడకి వచ్చినట్టే ఉండదు.

టికెట్లు మార్చాక తేదీలు నాకు పంపు. వాళ్ళు హైదరాబాద్‌లో దిగిన రోజు నుంచి ఆ నాలుగు వారాలూ రాత్రి భోజనం వేళకి మీ నాన్నకి నేనే ఫోన్ చేస్తాను. మాత్ర మింగేదాకా లైన్లోనే ఉంటాను.

మీ అత్త