సబ్జెక్ట్ వచ్చు కదా, మరి మెథడాలజీ ఎందుకు?

ప్రశ్న: మేడం గారూ, నేను మ్యాథ్స్‌లో డిగ్రీ మంచి మార్కులతో పాసై ఇప్పుడు యూనివర్సిటీలో టీచర్ ట్రైనింగ్ కోర్సు చేస్తున్నాను. మెథడాలజీ, అంటే సబ్జెక్ట్‌ని పిల్లలకి ఎలా చెప్పాలో నేర్పే క్లాసుల్లో లక్ష్యాలు, సోపానాలు, లెసన్ ప్లాన్లు అని పేజీలకి పేజీలు రాయిస్తున్నారు. సబ్జెక్ట్ వచ్చినవాళ్లకి చెప్పడం దానంతట అదే వస్తుంది కదా, ఇదంతా నిజంగా అవసరమా?

జవాబు: అవసరమేనండి. కానీ మీకు విసుగు ఎందుకొస్తోందో కూడా నాకు తెలుసు, చాలాచోట్ల మెథడాలజీ అంటే రికార్డు నింపడం అయిపోయింది, ఆ రాతలో పిల్లలు ఎక్కడా కనపడరు. అందుకని రాత సంగతి పక్కనపెట్టి ఒక లెక్క చూద్దాం.

బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఎంతో చెప్పమనండి. కొంతమంది తప్పకుండా 2/5 అంటారు, పైన ఉన్నవి పైన, కింద ఉన్నవి కింద కూడేశారు. మీకు లెక్క వచ్చు కాబట్టి వెంటనే తప్పు అని చెప్పి, హారాలు సమానం చెయ్యాలి, క.సా.గు. తియ్యాలి అని 5/6 వేసి చూపిస్తారు, వాళ్లూ శ్రద్ధగా నోట్సులో ఎక్కించుకుంటారు, వారం తర్వాత అడిగితే మళ్లీ 2/5 వస్తుంది. ఎందుకంటే ఆ పిల్లాడి దృష్టిలో 1/2 అనేది ఒక సంఖ్య కాదు, గీతకి పైన ఒకటి, కింద ఒకటి రెండు వేరే వేరే సంఖ్యలు. మీరు సరిచేసింది జవాబుని, వాడి ఆలోచన ఉన్నచోటే ఉంది.

అదే ఒక కాగితం పట్టీ ఇచ్చి సగానికి మడిపించి, ఆ సగానికి రంగు వేయించి "దీనికి ఇంకాస్త కలిపితే సగం కంటే పెరుగుతుందా తగ్గుతుందా" అని అడగండి. పెరుగుతుంది అంటాడు. ఇప్పుడు అంతే పొడవున్న ఇంకో పట్టీని అయిదు సమాన భాగాలు చేయించి రెండింటికి రంగు వేయించి రెండూ పక్కపక్కన పెట్టించండి. 2/5 సగానికి కూడా రాలేదు! సగానికి కొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయ్యిందని వాడికే అనుమానం వస్తుంది, అప్పుడు "మరి ఎంత మేడం" అని వాడే అడుగుతాడు. ఆరు భాగాల సంగతి ఎత్తాల్సింది అప్పుడు.

ఈ పట్టీ ఆలోచన మీకు డిగ్రీలో ఎవరూ చెప్పి ఉండరు, చెప్పాల్సిన పని వాళ్లకి లేదు. లెక్క తెలియడం వేరు, ఆ లెక్క పదేళ్ల పిల్లల బుర్రలో ఎక్కడ మెలిక పడుతుందో, ఏ ఉదాహరణ ఇస్తే ఆ మెలిక విడిపోతుందో తెలియడం వేరు. 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఈ రెండో రకం జ్ఞానానికి పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని పేరు పెట్టారు. పేరు కాస్త బరువుగా ఉన్నా టీచర్ పనికి అసలు పెట్టుబడి అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

చెప్పడం దానంతట అదే వస్తుందని మనందరికీ ఎందుకు అనిపిస్తుందో కూడా చెప్తాను. డాన్ లోర్టీ అనే సోషియాలజిస్టు 1975లో లెక్కగట్టారు, స్కూలు చదువు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి దగ్గర దగ్గర 13,000 గంటలు టీచర్లని చూస్తూ గడుపుతాడట. అన్ని గంటలు చూస్తే మనకీ వచ్చేసిందనే అనిపిస్తుంది మరి. కానీ మనం చూసింది బెంచీ మీద నుంచి. ఆ ప్రశ్నే ఎందుకు అడిగారో, ఆ ఉదాహరణ ముందు ఎందుకు వచ్చిందో, రాత్రి కూర్చుని ఏం తీసేశారో మనకి కనపడలేదు. మెథడాలజీ క్లాసు చూపించాల్సింది ఆ కనపడని భాగాన్ని.

నా అనుభవం ఒకటి చెప్తాను, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే. కొత్తలో దశాంశాలు చెప్తున్నాను, 0.35 పెద్దదా 0.5 పెద్దదా అంటే సగం క్లాసు 0.35 అంది, 35 అయిదు కంటే పెద్దది కదా. రెండు రోజులు కష్టపడి చెప్పి టెస్టు పెట్టాను, 0.125, 0.4 లాంటి జతలు పది ఇచ్చాను, ఒకమ్మాయికి పదికి పది వచ్చాయి, ఎంత సంతోషపడ్డానో. తర్వాత మాటల్లో ఎలా చేశావమ్మా అంటే "అంకెలు ఎక్కువ ఉన్నది చిన్నది మేడం" అంది. నేనిచ్చిన పది జతల్లోనూ పొడుగ్గా ఉన్నదే చిన్నది, అందుకే తప్పు సూత్రంతో కూడా పదీ కరెక్ట్ అయ్యాయి! వెంటనే 0.75, 0.6 రాసి చూపిస్తే పెద్దది 0.6 అంది. తప్పు ఆ పిల్లది కాదు, నేను లెక్కలు ఎంచిన తీరులో ఉంది. ఏ జతలు ఇవ్వాలి, ఏ వరసలో ఇవ్వాలి అన్నది కూడా ప్లాన్‌లో భాగమేనని అప్పుడు తెలిసింది నాకు.

అందుకని మీ లెసన్ ప్లాన్‌లో "విద్యార్థులు భిన్నాల సంకలనాన్ని అవగాహన చేసుకుంటారు" అన్న వాక్యం ఎలాగూ రాస్తారు, రాయండి, దాని పక్కనే ఈ పాఠంలో పిల్లలు చెప్పబోయే తప్పు జవాబులు రెండు మూడు ఊహించి, ఒక్కోదానికి మీరు తిరిగి అడిగే ప్రశ్న కూడా రాసుకోండి. ఇది ఎవరూ అడక్కపోయినా చెయ్యండి.

ప్రశ్న: మైక్రో టీచింగ్ అంటే నాకు సిగ్గుగానూ ఉంటుంది, విసుగ్గానూ ఉంటుంది. ఫ్రెండ్సే పిల్లల్లా కూర్చుంటారు, నేను అయిదు నిమిషాలు చెప్తాను, అందరూ బాగుంది అంటారు, అయిపోయింది. దీనివల్ల ఏం ఒరిగింది?

జవాబు: మీరు చెప్పిన పద్ధతిలో అయితే పెద్దగా ఏమీ ఒరగదమ్మా, అందులో సగం మైక్రో టీచింగే లేదు. ఇది 1963లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ అలెన్ బృందం మొదలుపెట్టింది, ఒక చిన్న పాఠం, కొద్దిమంది పిల్లలు, ఒకేఒక్క నైపుణ్యం, చెప్పాక దాని గురించి మాట్లాడుకోవడం, ఆ తర్వాత అదే పాఠాన్ని సరిచేసుకుని మళ్లీ చెప్పడం. ఆ "మళ్లీ చెప్పడం" కోసమే మిగతాదంతా. టైం లేదని చాలామంది కోసేసేది సరిగ్గా దాన్నే.

ఈసారి ఒక్క పని పెట్టుకోండి, ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కంటే ఎక్కువ ఆగట్లేదని తేలింది, ఆ ఒక్క సెకన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. వినడానికి సులువే కానీ బోర్డు ముందు నిలబడి మూడు సెకన్లు మౌనంగా ఉండటం ఎంత కష్టమో చేస్తేగానీ తెలీదు, చెయ్యి దానంతట అదే చాక్‌పీస్ మీదకి పోతుంది, నోరు జవాబు అందించేస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి, ఎన్ని సెకన్లు ఆగారో మీరే లెక్కపెట్టి, అదే పాఠం మళ్లీ చెప్పండి. ఇంకోటి, మీ ఫ్రెండ్స్‌ని మంచి పిల్లల్లా కూర్చోవద్దనండి. ఒకరికి 2/5 చెప్పే పని అప్పగించండి, ఎవరు చెప్తారో మీకు తెలియకూడదు.

ప్రశ్న: ప్రాక్టీస్ టీచింగ్‌కి స్కూలుకి వెళ్తే అక్కడి సీనియర్ టీచర్ గారు "యూనివర్సిటీలో చెప్పినవన్నీ మర్చిపో, సిలబస్ పూర్తి చెయ్యి చాలు" అన్నారు. ఎవరి మాట వినాలి మేడం?

జవాబు: ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు, ఏళ్ల తరబడి నిండు క్లాసులు మోసిన మనిషి అలా అన్నారంటే యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు ఆవిడకి పనికొచ్చేది ఏదీ చూపించి ఉండరు. తప్పు ఇక్కడ ఇద్దరి మధ్య ఉన్న దూరానిది. ఫిన్లాండ్‌లో యూనివర్సిటీలకి అనుబంధంగా ట్రైనింగ్ స్కూళ్లే ఉంటాయి, పొద్దున మెథడాలజీలో అనుకున్నది అక్కడి పిల్లలతో చేసి చూడొచ్చు. జపాన్‌లో అయితే టీచర్లు నలుగురు కలిసి ఒక్క పాఠం ప్లాన్ చేసుకుంటారు, ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు వెనక నిలబడి టీచర్ని కాదు పిల్లల్ని చూస్తారు, తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు.

మీరు ఒక్కరే చెయ్యగలిగింది కూడా ఉంది. ఆవిడ క్లాసులో వెనక బెంచీలో కూర్చోనివ్వమని అడగండి, ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని పీరియడ్ అంతా వాళ్ల నోట్సులే చూడండి, ఎక్కడ పెన్ను ఆగింది, ఏది కొట్టేసి మళ్లీ రాశారు, పక్కవాడిది ఎప్పుడు చూశారు. బెల్లు కొట్టాక "మేడం, ఈ అబ్బాయి ఇక్కడ ఆగిపోయాడు, ఇలాంటప్పుడు మీరేం చేస్తారు" అని అడిగి చూడండి. అన్నేళ్ల అనుభవంలో అలాంటి పిల్లల్ని ఎంతమందిని చూసుంటారో, చెప్పడానికి ఆవిడ దగ్గర చాలా ఉంటుంది, ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.