టేపుల చరిత్ర రాయబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికా పిల్లల టీవీ షో సెసమీ స్ట్రీట్ వీడియో క్యాసెట్లు, డిస్కుల చరిత్ర రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసే ఉంటాయి. టేపుల్ని పొడిగా ఉన్నచోట నిలబెట్టి ఉంచు. చుట్ట మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం ప్లేయర్‌లో పెట్టకు. అది మెషీన్‌కి అంటుకుని, దాన్నుంచి తర్వాతి టేపుకి పాకుతుంది.

మీ అమ్మ పంపిన నీ మొదటి పేజీ చూశాను. డబ్బా మీద కాపీరైట్ గుర్తు పక్కనున్న ఏడాదినే విడుదలైన ఏడాదిగా వేసేశావు. ఎందుకే అంత తొందర? ఈ షో వాళ్ల క్రిస్మస్ స్పెషల్ టీవీలో వచ్చింది 1978లో, క్యాసెట్‌గా ఇళ్లకు వచ్చింది 80ల్లో. రాండమ్ హౌస్ అనే కంపెనీ 80ల్లో వేసిన క్యాసెట్లను 90ల్లో సోనీ వండర్ అనే ఇంకో కంపెనీ మళ్లీ వేసింది. అట్ట మారింది, లోపల ఉన్నది అదే. అందుకే ఎవరు వేశారో, డబ్బా అంచున ఏ నంబరుందో కూడా రాసుకో.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అమెరికాలో మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మీ పెదనాన్న ఈ షోని టీవీలోంచి రికార్డు చేసేవారు. 1983 నవంబరులో, థాంక్స్‌గివింగ్ రోజున, కొట్టు నడిపే మిస్టర్ హూపర్ చనిపోయాడని ఆ షోలోని పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్‌కి చెప్పే ఎపిసోడ్ వచ్చింది. ఆ పాత్ర వేసిన విల్ లీ అంతకు ముందు ఏడాది డిసెంబరులో పోయాడు. మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్లు. చూశాక నా ఒళ్లోకి ఎక్కి, "ఇంక రాడా?" అని అడిగాడు. ఆ టేపు మీద మీ పెదనాన్న తేదీతో సహా తెలుగులో రాసి పెట్టారు.

తర్వాత డీవీడీ రికార్డర్ కొన్నాం. ఇల్లు ఖాళీ అవుతుందన్న ఆశతో టేపులు చాలావరకు డిస్కుల మీదికి ఎక్కించాను. కొన్న క్యాసెట్లలో మొదట వచ్చే కంపెనీ గుర్తులు, హెచ్చరికలు, వేరే క్యాసెట్ల ప్రకటనలు అనవసరమనుకుని వదిలేశాను. ఏ క్యాసెట్ ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో నీకు చెప్పేవి అవే! ఎక్కించడం అయ్యాక ఆ టేపులు, డబ్బాలు మూటకట్టి చెత్తలో వేశాను. కొన్నేళ్లకు డిస్కులు పెడితే సగానికి పైగా తెరుచుకోలేదు. ఆ ఎపిసోడ్ ఇంకోచోట దొరుకుతుంది. మీ పెదనాన్న చేతిరాత దొరకదు. ఆయన పోయాక ఆ అక్షరాల కోసం ఇల్లంతా వెతికాను తల్లీ.

అందుకే చెబుతున్నా. చిరిగిన అట్టయినా పారేయకు. టేపుని తొలి క్షణం నుంచి చివరి నల్లతెర దాకా ఎక్కించు. ఎక్కించింది రెండు వేరు వేరు చోట్ల దాచు. అసలు టేపు మాత్రం నీ దగ్గరే ఉండాలి.

ఈ షో పాత ఎపిసోడ్లతో 2006లో వచ్చిన ఓల్డ్ స్కూల్ అనే డీవీడీల గురించి కాస్త ఎక్కువే రాయి. అంతకు ముందు క్యాసెట్లలో చాలావరకు అక్షరాలు, అంకెలు, పాటలు అంటూ ముక్కలు ఏరి కూర్చినవే. మొదట్లో ఏడాదికి 130 ఎపిసోడ్లు తీసేవారు, అన్నీ ఎవరు వేస్తారు? ఆ డీవీడీల్లో 1969 నాటి మొదటి ఎపిసోడ్ పూర్తిగా పెట్టారు. ముందు మాత్రం ఇవి పెద్దల కోసమని, ఇప్పటి చిన్నపిల్లలకు సరిపోకపోవచ్చని ఒక హెచ్చరిక. నాకు చాలా కష్టమనిపించింది. నా పిల్లలు అవి చూసే పెరిగారు. ఆ హెచ్చరికను నీ చరిత్రలో తప్పక చేర్చు.

నా దగ్గర ఇంకా పదకొండు క్యాసెట్లు మిగిలాయి. పోస్టులో పంపడానికి నాకు మనసొప్పదు. వచ్చే నెల నేనే ఒళ్లో పెట్టుకుని తెస్తాను. అందులో ఒకదానికి బూజుంది, దాన్ని విడిగా కవర్లో కట్టాను. నేను చెప్పేదాకా తెరవకు.

మీ పెద్దమ్మ